వెయ్యి తక్కువైన సొట్ట

కారు బీమాలో డిడక్టిబుల్ ఎంత ఎక్కువ పెట్టుకుంటే ఆ ఇల్లు అంత బాగుపడుతుంది. ఊరికే అనడం లేదు, ఏడాదిపాటు అనుభవించి చెబుతున్నాను.

ఆ మాట ఎప్పుడూ వినని అదృష్టవంతులకు ఒక ముక్క. బండికి దెబ్బ తగిలితే బాగుచేయించే ఖర్చులో మొదటి ఇంత మనం పెట్టుకోవాలి. ఆ పైది కంపెనీ ఇస్తుంది. ఆ 'మొదటి ఇంత'కే డిడక్టిబుల్ అని పేరు. అది తక్కువైతే ఏటా కట్టే ప్రీమియం ఎక్కువ, అది ఎక్కువైతే ప్రీమియం తక్కువ. మా ఆయన పోయాక కారు నా పేరుకు మారింది. ఏజెంటు వచ్చి రెండు లెక్కలూ చెప్పాడు. ప్రీమియం తక్కువన్న మాట ఒక్కటే మా చెవిన పడింది. యాభై వేల డిడక్టిబుల్‌కు తలూపేశాం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎంత క్రమశిక్షణ వచ్చిందనుకున్నారు!

మా అమ్మాయి నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి వస్తుంది. రోజుకు ఎనిమిది ఇళ్లు. ఇదివరకు పొద్దున్నే తన మానాన తను కారు తీసుకుని వెళ్లిపోయేది. ఇప్పుడో? కారు వెనక్కి తీయాలంటే ఇంటిల్లిపాదీ బయటికి రావాలి. అల్లుడు వెనక నిలబడి "రా, రా, ఇంకా రా, ఆగు" అంటాడు. నేను గోడకు వీపు ఆనించి నిలబడతాను. కారు అటు ఒరిగితే గోడకన్నా ముందు నాకు తగలాలని. నాకు తగిలితే ఆ ఖర్చుకు వేరే పాలసీ ఉంది! తక్కువ డిడక్టిబుల్ వాళ్లింట్లో ఇంత ఐకమత్యం ఎక్కడైనా చూశారా?

బంధువులు కారు అడగడం మానేశారు. మా ఆడపడుచు కొడుకు ఒక్కసారి అడిగాడు. "తీసుకెళ్లు నాయనా, యాభై వేలు ఈ బల్ల మీద పెట్టి" అన్నాను. అప్పటినుంచి ఫోన్ చేసినా నా ఆరోగ్యం గురించే అడుగుతున్నాడు. ప్రేమంటే అది.

ఇక గీతలకు మేం షెడ్డుకు వెళ్లం. బండి రంగులో నెయిల్ పాలిష్ కొన్నాం. అమ్మాయి గోళ్లకు రంగు లేదు గానీ కారుకు ఎప్పుడూ తాజాగా ఉంటుంది.

పోయిన నెల అమ్మాయి ఒక రోగి ఇంట్లో ఉండగా, బయట ఆపిన కారును ఒక వాటర్ ట్యాంకర్ వెనక్కి వస్తూ నొక్కేసింది. రెండు తలుపులు లోపలికి పోయాయి. ట్యాంకర్ తన దారిన తను పోయింది. నంబరు చూసిన వాళ్లు లేరు.

డెంటింగ్ మేస్త్రి చుట్టూ తిరిగి చూసి లెక్క వేశాడు. "నలభై తొమ్మిది వేలవుద్దమ్మా."

అల్లుడు ముందుకు వంగాడు. "వెనక లైటు కూడా పోయినట్టుందే?"

"లేద్సార్, బాగుంది."

"పోనీ అడుగున?"

"అడుగునా బాగుంది సార్."

అల్లుడి ముఖం వేలాడిపోయింది. దాచడమెందుకు, దెబ్బ ఇంకాస్త గట్టిగా తగల్లేదే అని జీవితంలో మొదటిసారి నేనూ బాధపడ్డాను.

"మేస్త్రీ, ఆ సుత్తి ఒక్క నిమిషం ఇటిస్తావా?"

"వద్దమ్మా, దెబ్బ చూడ్డానికొచ్చే కంపెనీ సర్వేయర్లు పట్టేస్తారు. మీకన్నా ముందు చాలామంది అడిగారు."

మూడు వారాలుగా కారు షెడ్డులోనే ఉంది. అంత డబ్బు ఒక్కసారిగా సర్దలేకపోయాం. అమ్మాయి కట్ల సంచి భుజాన వేసుకుని రెండు బస్సులు మారుతోంది. మంచి వ్యాయామం. ఎనిమిది ఇళ్లు నాలుగయ్యాయి. మిగతా నలుగురూ వేరే నర్సును వెతుక్కుంటున్నారు. పొద్దున మార్చాల్సిన ఒక తాతగారి కట్టు మధ్యాహ్నం దాకా ఆగుతోంది. డిడక్టిబుల్ మాది, ఓర్పు ఆయనది.

నిన్న ఏజెంటు వచ్చాడు. పాలసీ గడువు అయిపోతోందట.

"తక్కువ డిడక్టిబుల్ అయితే ప్రీమియం ముప్పై వేలు, ఎక్కువదైతే పద్దెనిమిది. ఏది రాయమంటారు పెద్దమ్మా?"

"ఈసారి నాకూ ఒక డిడక్టిబుల్ రాయి నాయనా" అన్నాను. "ప్రీమియంలో మొదటి యాభై వేలు మీ కంపెనీయే పెట్టుకోవాలి. ఆ పైన ఎంతైనా సరే, నేను కడతాను."

అతను వేళ్ల మీద లెక్క వేశాడు. "కారు ప్రీమియం యాభై వేలు ఎక్కడ దాటుతుందండీ? అంటే మీరు పైసా కట్టరన్నమాట."

"దాటిన ఏడాది తప్పకుండా కడతాను."

"బాగుంది పెద్దమ్మా. అలాంటి కాగితం మీద బుద్ధి ఉన్నవాళ్లెవరైనా సంతకం పెడతారా?"

నేను లోపలికి వెళ్లి పోయినేటి పాలసీ తెచ్చి, ఆఖరి పేజీ తీసి అతని ముందు పెట్టాను. సంతకంలో అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి గానీ, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. నా పేరే.