కుళాయి కట్టని స్నానం

మా బండి పక్కగోడకు తళతళలాడే ఆ తెల్ల తలుపేమిటని అడిగారు కదా. అందరూ అడుగుతారు. ఎండకు వెలిసిపోయిన పాత బండి మీద అదొక్కటే కొత్తది. ముసలాయన నోట్లో కట్టుడుపన్నులా మెరుస్తూ ఉంటుంది. చెప్తాను, కుర్చీలు నీడలోకి లాక్కోండి. మా ఆవిడ లవోన్ కూడా వింటోంది గనక అబద్ధాలాడే వీల్లేదు. ఆడినా ఒకటో రెండో.

మీరు ఎడారికి కొత్త గనక ముందు ఈ సంగతి వినండి. ఆరిజోనాలో ఈ ప్రభుత్వ భూమిలో పక్షం రోజులు ఊరికే ఉండనిస్తారు, ఆ తర్వాత మకాం ఎత్తేయాలి. కరెంటు తీగ లేదు, నీళ్ళ గొట్టం లేదు, అద్దె లేదు. ఉత్తరాన మా నెబ్రాస్కాలో తొలి మంచు పడగానే మేము ఈ చక్రాల ఇంట్లో బయల్దేరతాం. నేను, లవోన్, మా కుక్క టర్నిప్. పదమూడు చలికాలాలు వచ్చాం. ఇన్నేళ్ళలో బండి నిలుపుకోవడానికి ఒక్క రాత్రికీ నేను పైసా ఇచ్చిన పాపాన పోలేదు. కొందరికి పతకాలుంటాయి, కొందరికి పొలాలుంటాయి. నాకు ఇదుంది.

ఇక్కడ నీళ్ళంటే బండి పొట్టలోని ట్యాంకులో ఉన్నవే. అవి అయిపోతే పట్నం పోయి డబ్బాల్లో మోసుకురావాలి. అందుకని స్నానానికి ఇక్కడో పద్ధతుంది. ఒళ్ళు తడుపుకో, కుళాయి కట్టెయ్. సబ్బు రుద్దుకో. మళ్ళీ తిప్పు, కడుక్కో, కట్టెయ్. ఈ విద్యలో లవోన్‌ను కొట్టేవాళ్ళు లేరు. బడి వంటశాలలో ఊరి పిల్లలందరికీ వండిపెట్టిన మనిషి, పొదుపు ఆమె చేతుల్లోనే ఉంది. ఆమె స్నానం చేసిన నీళ్ళు పళ్ళెంలో పోస్తే పిచ్చుకకి మోకాలు తడవదు.

అలాంటి మనిషి కిందటేడు క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు బంగాళాదుంపల చెక్కు తీస్తూ అంది:

"డెల్, ఫిబ్రవరిలో నా పుట్టినరోజు."

"గుర్తుంది" అన్నాను. గుర్తు లేదు.

"కేకు వద్దు, దుద్దులు వద్దు. కుళాయి కట్టకుండా ఒక్క స్నానం కావాలి. వేడివేడిగా, వేళ్ళు ముడతలు పడేదాకా. పట్నం దాటాక తాటిచెట్ల పార్కుంది చూడు, ప్రతి బండికీ నీళ్ళ గొట్టం తగిలిస్తారు. ఒక వారం అక్కడుందాం."

"డబ్బిచ్చి మరీ నేల మీద నిలబడటమా?"

"నేను నిలబడేది నేల మీద కాదు, వేడినీళ్ళ కింద."

"అక్కడ బండికీ బండికీ మధ్య జానెడు చోటుండదు. చెయ్యి చాపితే పక్కవాడి ముక్కు తగుల్తుంది."

"పదమూడేళ్ళుగా పెర్సీ ముక్కు చూస్తున్నా. ఇంకో ముక్కు చూస్తే కళ్ళేం పోవు."

పెర్సీ అంటే ఇదిగో, ఈ పక్కన కూర్చున్నాయనే. మా గుంపులో పానాల పెర్సీ అంటాం. ఈయన దగ్గర లేని పానా ఇంకా ఎక్కడా తయారు కాలేదు. అడిగితే కాదనడు, కాని ఇచ్చేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తాడు. అది పూర్తయ్యేసరికి బోల్టు తుప్పుపట్టి దానంతటదే ఊడిపోతుంది.

పెళ్ళాం మాట కాదనకూడదు, అలాగని వినా కూడదు. ఈ రెండింటి మధ్య సందులోనే మగాడి తెలివంతా ఉంటుంది. నేను ఆ సందులో దూరాను.

మా బండిలో అప్పుడున్నది పాతకాలపు హీటరు. దాని పొట్టలో చిన్న తొట్టి, ఆ తొట్టెడు నీళ్ళూ గ్యాసు మంట మీద కాగుతాయి. అవి అయిపోతే మళ్ళీ కాగేదాకా సబ్బుతో జపం చేసుకోవాలి. కొత్తరకం హీటరుకి తొట్టే ఉండదట. నీళ్ళు లోపలికి రాగానే మంట అంటుకుంటుంది, అవి అలా పోతూ పోతూనే కాగిపోతాయి. పెట్టె మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుంది: అంతులేని వేడినీళ్ళు. చాలు కదా. ఆ రెండు మాటలూ నాకు పెళ్ళిమంత్రాల్లా వినిపించాయి. పార్కు గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

పెట్టె తెచ్చి లవోన్ ముందు పెట్టాను.

"అంటే పార్కుకి వెళ్ళం" అంది.

"నువ్వు పార్కుకి వెళ్ళడమేమిటి, పార్కే నీ దగ్గరికి వచ్చింది."

"తాటిచెట్లు కూడా ఈ పెట్టెలోనే ఉన్నాయా?"

"నవ్వు, నవ్వు. పుట్టినరోజు నాడు ఆపకుండా స్నానం చేయించకపోతే నన్నడుగు."

"అడిగి ఏం చేసుకోను? చేయించలేకపోతే మర్నాడు స్టీరింగ్ నాది. ఎక్కడికని అడక్కూడదు."

సరేనన్నాను. దుంపతొక్కు అంటుకున్న చేత్తోనే చెయ్యి కలిపింది. ఆ కలపడంలో మరీ అంత గట్టి పట్టెందుకో అప్పుడే ఆలోచించాల్సింది.

మర్నాడు నేనూ పెర్సీ పనిలోకి దిగాం. గ్యాసు కట్టేశాం. పాత హీటర్లో నీళ్ళు వదిలేశాం. వదిలేశాం అనుకున్నాం. గొట్టాలు విప్పాం, మరలు తీశాం. హీటరు మాత్రం కదల్లేదు. చుట్టూ రాసిన జిగురు పాత చుట్టరికంలా పట్టుకుంది. నేను కింద కూర్చుని లాగాను, పెర్సీ లోపల్నుంచి తోశాడు. అలా లాగీ తోసీ, ఇక రాదని ఇద్దరం ఒక్క క్షణం ఊపిరి పీల్చుకునేసరికి అది వచ్చేసింది. నా ఒళ్ళో కూర్చుని, దాచుకున్న నీళ్ళన్నీ అక్కడే వదిలింది. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నవాడికి ఆ అనుభవం కొత్త కాదు.

బండి గోడకు ఇంత బొక్క మిగిలింది. ఆ బొక్కలోంచి లవోన్ ముఖం కనిపించింది.

"కిటికీ బావుంది డెల్. తెర ఏ రంగు వేద్దాం?"

"సాయంత్రానికి మూసేస్తాను."

మూయలేదు. ఏదో పానా దొరికింది, దాని చరిత్ర మొదలైంది, పొద్దుపోయింది. ఈలోగా ఎడారి గాలి లేచింది. బొక్కలో దిండు కుక్కాను, లవోన్ దిండు. ఇసుకకి దిండు అడ్డమా? మర్నాటి పాన్‌కేకులు కరకరలాడాయి. లవోన్ నిదానంగా నమిలి, "అప్పడాల్లా వచ్చాయి" అన్నట్టు తలాడించింది. అంతకంటే తిట్టినా బావుండేది.

మొత్తానికి కొత్త హీటరు ఎక్కింది. గ్యాసు అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని మూడుసార్లు చూసుకున్నాం. హీటరుకి మూతగా ఈ తెల్ల తలుపు బిగించాం. వంటింటి కుళాయి బార్లా తిప్పాను. లోపల భగ్గుమంది. చిటికెలో పొగలు కక్కే నీళ్ళు.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళకల్లా చూపించాను. హారన్ ఒపల్ వచ్చింది. ఆమె స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆమె గుసగుస పక్క జిల్లాకి వినిపిస్తుంది. ఆమెకో ప్రదర్శన. పెర్సీకి మూడు. దారిన పోయే సైకిలాయనకి ఒకటి. ప్రతిసారీ కుళాయి బార్లా.

లవోన్ తలుపు దగ్గర నిలబడి చూసింది. "వేడికి అంతు లేదన్నావు కదూ?" అంది.

"లేదు."

"మంచిది" అంది. అంతే. మొగుణ్ణి గోతి దాకా నడిపించి, కాలు జారకుండా టార్చి పట్టినట్టుంటాయి ఆమె మాటలు.

పుట్టినరోజు వచ్చింది. మధ్యాహ్నం ఎండ తగ్గాక లవోన్ కొత్త తువ్వాలు, మంచి వాసన షాంపూ పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. నేను బయట కుర్చీలో రాజులా కూర్చున్నాను. పెర్సీ, ఒపల్ కేకు కోసం ముందే వచ్చి కూర్చున్నారు.

నీళ్ళ చప్పుడు. ఆగింది. మళ్ళీ నీళ్ళ చప్పుడు. ఆ వెంటనే లోపల్నుంచి ఒక కేక. టర్నిప్ బండి కిందికి దూరింది.

"ఏమైంది?" తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"మంచు. నెబ్రాస్కా నెత్తి మీద పడింది."

"నువ్వు కుళాయి కట్టేశావా?"

"సబ్బు రుద్దుకోవాలంటే కట్టెయ్యనా?"

అప్పుడు వెలిగింది నాకు. హీటర్లో కాదు, బుర్రలో. నీళ్ళు పారుతుంటేనే దాని మంట. కుళాయి కడితే ఆరిపోతుంది. మళ్ళీ తిప్పితే అది తేరుకునేలోపు చన్నీళ్ళు ముందు దూకుతాయి. సన్నగా తిప్పితే అసలు అంటుకోనే అంటుకోదు. ఈ ఎడారిలో అందరికంటే పొదుపుగా స్నానం చేసే మనిషికి, పొదుపంటే అలిగే హీటరు తెచ్చి పెట్టాను.

"కట్టకు. బార్లా తిప్పి వదిలెయ్. నీకు కావలసింది అదేగా" అన్నాను.

తిప్పింది. కాసేపటికి లోపల్నుంచి పాట వినబడింది. ఏ పాటో చెప్పలేను, ఆమె గొంతులో అన్ని పాటలూ ఒకటే. కాని ఎంత హాయిగా పాడిందంటే నా గుండె పొంగిపోయింది. "విన్నారా" అన్నాను పెర్సీతో. "అంతులేనిది."

పెర్సీ తల ఒక పక్కకి వంచి, "మీ పంపు ఏదో అంటోంది" అన్నాడు.

పంపు గరగరలాడింది. దగ్గింది. గుటకలు వేసింది. పాట ఆగింది.

తలుపు తెరుచుకుంది. లవోన్ తువ్వాలు కోటుతో మెట్టు దిగింది. నెత్తి మీద షాంపూ నురగ, పెళ్ళికేకంత ఎత్తు. ఒక పాయ కంటి మీదికి జారుతుంటే చిటికెనవేలుతో నెట్టుకుంది.

"డెల్బర్ట్" అంది. కోపం వస్తేనే పూర్తి పేరు. "అంతులేనిది అయిపోయింది."

వేడికి అంతు లేదు, నిజమే. నీళ్ళకుంది. ఆ ఉన్నవాటిలో సగం నేను వచ్చేపోయేవాళ్ళకి చూపించడానికి పారబోశాను. పట్నం పోయి తెచ్చేలోపు ఆమె తల అట్టకట్టుకుపోతుంది. డ్రైవరు కుర్చీ కిందా మంచం కిందా వెతికితే తాగే నీళ్ళ సీసా ఒకటి దొరికింది, అదీ టర్నిప్‌ది.

ఇక్కడ నేను కాస్త నెమ్మదిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఒపల్ లేచింది. తన బండి వైపు తిరిగి ఎవరినో పిలవబోయినట్టు ఒక్క మాటంది, "లవోన్ తల మీద సబ్బు ఉండిపోయింది" అని. ఒపల్ గొంతు గదా, గుంపంతటికీ వినబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కో బండి నుంచీ ఒక్కో మనిషి వచ్చాడు, చేతిలో ఒక కెటిలో, ఒక గిన్నో. పెర్సీ బండి పైకప్పు మీద ఎండలో కాగుతున్న తన నల్ల నీళ్ళసంచీ మొత్తం దింపి తెచ్చాడు, దాని చరిత్ర చెప్పకుండా. వాళ్ళంతా ఆ నీళ్ళు పట్నం నుంచి మోసుకొచ్చినవాళ్ళే. తమ స్నానాలు కుదించుకుని దాచుకున్నవే.

లవోన్‌ను మడతకుర్చీలో వెనక్కి వాల్చారు. ఒపల్ తల రుద్దింది, మేమంతా వంతులవారీగా పోశాం. నేను పోసిన చెంబు చెవిలోకి వెళ్ళింది. అయినా లవోన్ కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

"తల్లీ, వేడి సరిపోయిందా?" అంది ఒపల్.

"మా అమ్మ పోసినట్టుంది" అంది లవోన్.

తర్వాత కేకు కోశాం. ఎవరి కప్పులోనూ కాఫీ లేదు, నీళ్ళన్నీ ఆమె జుట్టులోనే ఉన్నాయి. అంత మంచి పుట్టినరోజు నేను చూడలేదు. పాత హీటరును పెర్సీ తీసుకెళ్ళాడు, దాని మీద కాఫీ కెటిల్ పెట్టుకుంటాడు ఇప్పటికీ. వెళ్ళి చూస్తే నాకేసి అదోలా చూస్తుంది.

మర్నాటితో మా పక్షం రోజులు అయిపోయాయి. లవోన్ తాళాలు తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. ఎక్కడికని అడక్కూడదు గనక అడగలేదు. పట్నం దాటింది. తాటిచెట్లు కనిపించాయి. నేను కళ్ళు మూసుకున్నాను, పళ్ళు పీకించుకోబోయేవాడిలా.

పార్కు గేటు దగ్గర ఒకామె కిటికీలోంచి తొంగి చూసి, "లవోన్ గారా? రండి. మీరు అక్టోబర్‌లో చెప్పినట్టే చివరి తాటిచెట్టు కింద చోటు ఉంచాం. డబ్బు కూడా అప్పుడే కట్టారుగా" అంది.

నేను కళ్ళు తెరిచాను. "అక్టోబర్‌లోనా? నువ్వు నన్నడిగింది క్రిస్మస్ అయ్యాక కదా?"

"అవును."

"ముందే కట్టేసి మళ్ళీ అడగడమెందుకు?"

"నువ్వు సరేనంటే, పుట్టినరోజుకి మా ఆయన తీసుకొచ్చాడని చెప్పుకుందామని" అంది బండిని గీతల మధ్య సూదిలా నిలిపి. "ఆ పేరు నీకు రానిద్దామనుకున్నా."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను ఆ తాడి కింద నిలబడే నీళ్ళ గొట్టం తగిలించాను. చుక్క కారకుండా బిగించాను.

లవోన్ స్నానానికి వెళ్ళింది. పొద్దు తాటిచెట్ల వెనక్కి పోయేదాకా రాలేదు. కిటికీలోంచి ఆవిరి, ఆవిరి వెంట పాట. పక్కబండి ఆయన తన ముక్కు నిజంగానే జానెడు దూరంలో పెట్టి, "మీ హీటరు భలే ఉందే" అన్నాడు. నేను తల వంచుకుని ఔనన్నాను. ఆ హీటరు నేను కొన్నాను. నీళ్ళు ఆమె కొంది. మెప్పు మాత్రం రెండింటికీ నాకే వచ్చింది.

ఎర్రబారిన చెంపలతో, ముడతలు పడ్డ వేళ్ళతో లవోన్ బయటికొచ్చి, పొడి తువ్వాలు నా మీదికి విసిరింది.

"నీ వంతు."

వెళ్ళాను. తిప్పాను. ఎంత హాయిగా ఉందో మాటల్లో పెట్టలేను. ఒళ్ళు తడిసింది. పదమూడేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయి కుళాయి కట్టేసింది. నిదానంగా సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పాను.

నెబ్రాస్కా మొత్తం నా నెత్తి మీద పడింది.

నా కేక చల్లారాక కిటికీ పక్కనుంచి తాపీగా ఆమె గొంతు వినిపించింది.

"కట్టకు డెల్. నేను అక్టోబర్‌లోనే కట్టేశాగా."