కందకంలో వినాయకుడు

శనివారం పొద్దున్న పాండురంగ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కెనడాలో వాళ్ళుండే కనాటా ఊరి నుంచి గంటసేపు డ్రైవ్ చేస్తే ఓ పాత ఇంగ్లీషు దొర భవనం వస్తుంది. చుట్టూ నీళ్ళు నిండిన కందకం, లోపల గులాబీ తోటలు. భార్య విశాలాక్షితో కలిసి తోట చూసి, పనిలో పనిగా చవితినాటి మట్టి వినాయకుణ్ణి ఆ కందకంలో నిమజ్జనం చేసి వచ్చేయాలి.

"బకెట్లో కానిచ్చేద్దామే. సోమవారం సిటిజన్‌షిప్ ఓత్ పెట్టుకుని ఇప్పుడీ గొడవలెందుకు?" అని బయల్దేరేముందు బతిమాలాడు కూడా.

"పూజలు చేసి, ఉండ్రాళ్ళు పెట్టి, ఇప్పుడు స్వామిని బాత్రూమ్ బకెట్లో ముంచుతారా? కళ్ళు పోతాయి!" అంది విశాలాక్షి. ఆయన కారు తీశాడు.

తీరా చూస్తే ఆ కందకం చూడ్డానికే గంభీరం. గట్టు పక్కన మోకాలి లోతు కూడా లేదు. అటూ ఇటూ చూసి వదిలితే, స్వామి బొజ్జదాకా మునిగి హాయిగా కూర్చున్నాడు.

"ఇంకాస్త తోయండి!"

"ఎక్కడికి తోయనే? అడుగు తగిలింది!"

ఇంతలో ఆ తోటలో వాలంటీరుగా పనిచేసే డోరీన్ అనే పెద్దావిడ రబ్బరు బూట్లతో గబగబా నీళ్ళలోకి దిగి, స్వామిని ఎత్తుకొచ్చేసింది. "ఇది మీదా?" అని ఇంగ్లీషులో అడిగింది. పాండురంగకి సోమవారం కళ్ళముందు గిర్రున తిరిగింది. "నో నో, నాట్ అవర్స్," అనేశాడు.

"దేవుణ్ణి పట్టుకుని మాది కాదంటారా! ఎంత మాటన్నారండీ!" విశాలాక్షి ఆయన మోచెయ్యి గట్టిగా గిల్లింది.

వీళ్ళది కాకపోతే భవనానిదేనని డోరీన్ తేల్చేసింది. పూర్వం ఇక్కడున్న దొర ఇండియాలో ఉద్యోగం చేసొచ్చాడట. ఆయన తెచ్చుకున్న పురాతన విగ్రహం ఇన్నాళ్ళకు బయటపడిందన్నమాట! మేనేజరు పరిగెత్తుకొచ్చింది. జనం మూగి ఫొటోలు తీశారు. స్వామిని గట్టు మీద కూర్చోబెట్టి చుట్టూ తాడు కట్టారు. మ్యూజియం నుంచి నిపుణుడు బయల్దేరాడని వినేసరికి పాండురంగకి ముచ్చెమటలు పోశాయి. ఆయనొస్తే ఇది మొన్నటి మట్టని ఇట్టే చెప్పేస్తాడు. ఆ తర్వాత పోలీసులు, కోర్టు, ఓత్ క్యాన్సిల్!

అప్పుడు ఉరిమింది. కుండపోతగా వాన పడితే అందరూ లోపలికి పరుగు తీశారు. తెరిపిచ్చాక వచ్చి చూస్తే గట్టు మీద స్వామి లేడు. బురద చార ఒకటి కందకంలోకి జారిపోయి ఉంది.

"వెళ్ళిపోయాడండీ, తనంతట తనే!" విశాలాక్షి చేతులు జోడించింది. పాండురంగ బతుకుజీవుడా అనుకున్నాడు.

డోరీన్ మాత్రం మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. అంత విలువైన విగ్రహాన్ని వానపాలు చేసింది తనేనట, ఇక ఈ తోటలో అడుగు పెట్టదట. ఆ ఏడుపు చూసి పాండురంగ ఉండబట్టలేకపోయాడు. ఓతూ వద్దు గీతూ వద్దనుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మేడమ్, అది మాదే. మొన్న పండక్కి కొన్నాం. నీళ్ళలో కరగాలనే తెచ్చాం. తప్పు నాది, మీది కాదు. సోమవారం నా సిటిజన్‌షిప్ ఓత్ ఉంది, అయినా సరే, పోలీసుల్ని పిలవాలంటే పిలవండి."

"పోలీసులా? పిడికెడు మట్టికా?" మేనేజరు పగలబడి నవ్వింది. "సోమవారం ఓత్‌కి మంచి సూటు వేసుకెళ్ళండి," అంటూ మ్యూజియంకి ఫోన్ చేసి నిపుణుణ్ణి వెనక్కి పంపేసింది. పాండురంగ గుండెల మీంచి బండరాయి దిగింది.

డోరీన్ కూడా కళ్ళు తుడుచుకుంది. అన్నీ నమ్మింది గానీ, అంత ముద్దొచ్చే బొమ్మ కరిగిపోవాలని ఎవరైనా కోరుకుంటారంటే మాత్రం ఆవిడకి నమ్మకం కుదరలేదు. తనని ఓదార్చడానికే అలా అంటున్నారనుకుని, గిఫ్ట్ షాపుకి పరిగెత్తి ఓ ఏనుగు బొమ్మ తెచ్చి విశాలాక్షి చేతిలో పెట్టింది.

అసలుసిసలు కంచుదట, నూరేళ్ళు నీళ్ళలో నానినా చెక్కుచెదరదట.