దయ్యం పెట్టిన షరతు

ఆళ్లగడ్డలో అందరూ 'హల్లెలూయ కరుణాకర్' అని పిలిచే కరుణాకర్‌కు ఈ మధ్య భక్తి మరీ ముదిరింది. ఒక ఆదివారం దొర్నిపాడులో ప్రార్థన కూటమన్నాడు. మరుసటి ఆదివారం అవుకులో అన్నాడు. ఈ వారం పాములపాడు.

"కూటాలు ఎప్పుడూ ఉండేటివే. పిల్లోణ్ణి నంద్యాల డాక్టరుకు చూపిద్దాం పదప్పా," అంది భార్య లూదియా. "ఏడో నెల పడె. ఇంకా బోర్లా పడల్యా. నాకు కంటికి నిద్ర ల్యా."

"నేనూ లేటుగానే పడినానంట మే. ఇప్పుడు నడుస్తాండానా లేదా?"

"నడుస్తాండావులే, ఇల్లు తప్ప అన్ని ఊర్లకూ!"

అతను బైబిలు చంకన పెట్టుకొని బస్సెక్కాడు.

సాయంత్రం లూదియా తలంటుకుంది. అప్పుడే కరెంటు పోయింది. పిల్లోణ్ణి ఒడిలో వేసుకొని, జుట్టు ముఖం మీదికి విరబోసుకొని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ పొగకు ఆరబెట్టుకుంటోంది. తలుపు కిర్రుమంది. పొగ గొంతుకు అడ్డం పడి, బొంగురుగా అడిగింది.

"వస్తివా?"

కరుణాకర్ బైబిలును డాలులా అడ్డం పెట్టుకున్నాడు.

"యేసు రక్తమే జయం! పో! మూడుతూర్లు చూసినా, మూడుతూర్లూ బైబిలు జూస్తానే పోతివి గదా!"

"ఏందీ నువ్వు చూసింది?"

"సినిమా! నంద్యాల హాల్లో ఆడే సినిమాలో ఆ పిల్లను పట్టింది నువ్వే గదా తల్లీ! ఇంటిదాకా ఎంటబడి వస్తివా!"

నంద్యాల! డాక్టరున్న నంద్యాల! మూడు వారాలూ అక్కడికే! లూదియాకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడిస్తే రేపు కూడా ఇంట్లోనే కూర్చోవాలి. జుట్టు ఇంకాస్త ముఖం మీదికి లాక్కుంది.

"రేపు మొదటి బస్సుకే ఈ బిడ్డను నంద్యాల డాక్టరు కాడికి తీసకపో," అంది మరింత బొంగురుగా. "లేదంటే యాకోబు పాస్టరు ఇంటికి పోయి, నీ కూటాల సంగతి సాక్ష్యం చెప్తా!"

కరెంటు వచ్చేసరికి దయ్యం తాపీగా జడ అల్లుకుంటోంది. అది తన భార్యేనని కరుణాకర్‌కు అప్పుడు తెలిసింది. అయినా పాస్టరు గుర్తొచ్చి, పొద్దున బస్సుకని పిల్లోడి టోపీ వెతకసాగాడు.

నంద్యాలలో డాక్టరమ్మ పిల్లోణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోలు మాదిరి ఉండాడు. ఈణ్ణి ఎప్పుడన్నా కిందికి దింపినావామ్మా?"

"దింపితే చీమలు కుడతాయని..."

"ఒళ్లోనే ఉంటే యాడ బోర్లా పడతాడు? చాప మీద వెయ్యి!"

లూదియాకు ప్రాణం లేచి వచ్చింది. దాని వెనకే సిగ్గూ వచ్చింది.

బయటికి వచ్చాక కరుణాకర్ మెల్లగా అడిగాడు. "ఇంక దయ్యం పోయినట్టేనా మే?"

"పోల్యా. మ్యాట్నీ చూపిస్తేనే పోతాదంట. పిల్లోణ్ణి నువ్వే ఎత్తుకోవాలంట."

హాల్లో దయ్యం గాల్లోకి లేచింది. దాన్ని పైకి లాగుతున్న తాడు అందరికీ కనిపించింది. లూదియా పగలబడి నవ్వింది. "ఇదా నిన్ను బెదరగొట్టింది?" అంటూ పక్కకు తిరిగింది.

కరుణాకర్ పిల్లోడి టోపీలో ముఖం దాచుకొని, నాలుగోతూరి కూడా, "యేసు రక్తమే జయం" అంటున్నాడు.