అందరూ ఒకటో నెంబరే

శనివారం పొద్దున భానుప్రియ పెట్టుకున్న పని చిన్నదే. నీళ్ల ట్యాంకర్ వరుస టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, ప్రింటు తీసి వీధి గేటుకు అంటించి ఆఫీసుకు వెళ్లిపోవడం.

ఆ వేసవిలో సైనిక్‌పురి బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకర్ వస్తే మొదటి ఇళ్ల సంపులు నిండుతాయి, చివరి ఇళ్లకు గొట్టంలోంచి గాలి వస్తుంది. కాలనీ సంఘం కార్యదర్శి నరసరాజు వరుస కోసం తన ఇంట్లో చీట్లు తీస్తే భానుప్రియ ఇల్లే మొదట వచ్చింది. ఆదివారమే ఆమె పాపకు అన్నప్రాశన. సంపులో చెంబుడు నీళ్లు లేవు. అత్తగారు అచ్చియమ్మ ఆ కబురు విని దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది.

కంప్యూటర్ తెర మీద నెంబర్లు ఒకటి, రెండు, మూడు అంటూ బుద్ధిగానే ఉన్నాయి. పీడీఎఫ్ అయ్యేసరికి ప్రతి పేరు పక్కనా ఒకటే నిలబడింది. భానుప్రియ చూసుకోకుండా అంటించేసి బేగంపేట బస్సెక్కింది.

ఎవరికి వారు తమ పేరు పక్కన ఒకటి చూసి సంతోషించారు. తర్వాత పక్కవాళ్ల పేరు చూశారు.

"అందరికీ ఒకటి రాశారంటే అసలు లిస్టు వేరే ఉందన్నమాట," అంది ఎదురింటి కుసుమకుమారి.

మధ్యాహ్నం ట్యాంకర్ చుట్టూ వీధిలోని గొట్టాలన్నీ మూగాయి. "జెర ఆగుండ్రి. అందరు గిట్ల మీద వడితె ఎట్ల?" అన్నాడు డ్రైవర్ లాల్. ఆ లాగులాటలో ట్యాంకర్ గొట్టం ఊడి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. నిలువునా తడిసిన లాల్‌ను నరసరాజు బతిమాలితే, మర్నాడు ఇంకో ట్యాంకర్ తెస్తానన్నాడు.

సాయంత్రం భానుప్రియ అందరికీ నచ్చజెప్పింది. "నెంబర్లు కంప్యూటరే వేసిందండీ. పీడీఎఫ్ చేసినప్పుడు ఒక్కో పేరునీ కొత్త లిస్టు అనుకుంది. ఇప్పుడు నేనే చేత్తో టైపు చేశాను, చూడండి."

చూశారు. ఒకటో నెంబరు భానుప్రియ ఇల్లు.

"తప్పు దిద్దగానే వీళ్లే మొదటికొచ్చారు," అంది కుసుమకుమారి. అందరూ నరసరాజును చీట్లు చూపించమన్నారు. "చీట్లా? మా ఆవిడ ఊడ్చేసిందండీ," అన్నాడాయన. అంతే, ఇక ఎవరికీ ఏ సందేహమూ మిగల్లేదు.

ఇంట్లోకి రాగానే అచ్చియమ్మ అంది: "ఏటే భానూ, మనల్ని చివర్న పెట్టీయ్. దాహమైనా ఓర్చుకుంటాను గానీ మాట పడలేను."

భానుప్రియ మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. రేపు వచ్చే చుట్టాలకు చేతులు కడుక్కోవడానికైనా నీళ్లుండవు. అయినా తమ పేరు అడుగుకు దించింది. ఈసారి పీడీఎఫ్‌ను రెండుసార్లు చూసుకుని మరీ ప్రింటు తీసింది.

ఆదివారం పొద్దున లాల్ ట్యాంకర్‌ను దూరంగానే ఆపి గేటు దగ్గరికి నడిచి వచ్చాడు. లిస్టు చదివాడు. బిందెలతో, గొట్టాలతో కాచుక్కూర్చున్న మొదటి నెంబర్లవాళ్లనూ చూశాడు.

"నిన్న మీతోని మస్తు పరేషాన్ అయిన. ఇయ్యాల లిస్టు కిందికెల్లి షురూ చేస్తా," అని ట్యాంకర్ తీసుకెళ్లి భానుప్రియ ఇంటి ముందు పెట్టాడు. సంపు నిండి పొర్లింది.

"చూశారా? లాల్‌తో ముందే మాట్లాడుకుని చివర రాయించుకుంది," అంది కుసుమకుమారి.

అన్నప్రాశనకు వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లు ముందు సంపు మూత తీసి చూసి, ఆ తర్వాత పాపను చూశారు.