కుళాయిలో దొరికిన విషం

ఆ ఉదయం తారునూనె కంపెనీ ప్రయోగశాలలో కొత్తగా చేరిన లోర్నా టిమ్చుక్ చెయ్యాల్సిన పని చిన్నదే. ఇసుకలోంచి తారునూనె కడగ్గా మిగిలిన మురికినీళ్ళ చెరువు ఉంది కదా, దాని నీళ్ళు నదిలోకి వదలొచ్చో లేదో తేల్చాలి. శుద్ధి చేశాక ఆ నీళ్ళు ఒక సీసా, పోల్చడానికి కుళాయి నీళ్ళు ఒక సీసా తీసుకుని, రెండింట్లో విషపు ఆమ్లాలు కొలవాలి. పదకొండింటికల్లా నివేదిక మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం.

కుళాయి సీసా మాత్రం ఆమె పై అధికారి డ్వేన్ మెకాస్కిల్ స్వయంగా పట్టారు, ఫొటో కోసం. బయట మైనస్ ముప్పై ఎనిమిది. పగిలిన చేతులకి భార్య కాచిచ్చిన దుప్పి కొవ్వు దట్టంగా రాసుకుని మరీ పట్టారు.

యంత్రం లెక్క తేల్చింది. చెరువు నీళ్ళలో లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాములు, కుళాయి నీళ్ళలో ముప్పై ఒకటి.

"సార్, ఎక్కడో తేడా కొట్టింది. మళ్ళీ చేస్తాను."

"తేడా ఏంటమ్మాయ్! మన చెరువు కుళాయి కన్నా శుభ్రం. పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదేగా! సంతకం పెట్టు."

"మళ్ళీ చెయ్యకుండా పెట్టను సార్."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

విజ్ఞానశాస్త్రం అక్కడ ఏనాడూ అంత వేగంగా నడవలేదు. కుళాయి నీళ్ళలో విషమని పది నిమిషాల్లో కుళాయిలన్నిటికీ పసుపు టేపు చుట్టేశారు. కాఫీ యంత్రం ఆపేశారు. నూటయాభై మంది ఖాళీ కప్పులతో ఎగబడ్డారు. "విషమైనా పర్లేదు, వేడిగా పొయ్యండి బాబూ!" అని ఒకడు మొత్తుకున్నాడు.

అంతలో నది దిగువనున్న క్రీ ఆదివాసుల ఊరి పెద్ద నార్బర్ట్ వచ్చారు. ఆ ఊరు తాగేది ఈ నది నీళ్ళే. డ్వేన్ చెరువు నీళ్ళు గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టారు.

"కుళాయి కన్నా మేలు, పెద్దాయనా!"

"అలాగా నాయనా? అయితే ముందు నువ్వు తాగు."

డ్వేన్ గ్లాసు ఎత్తారు, దించారు. "ఇప్పుడే కాఫీ తాగానండీ."

"కాఫీ ఆపించావటగా!"

నార్బర్ట్ కుళాయి సీసా అందుకుని, మూతి దగ్గర వేలితో రాసి వాసన చూశారు. "దుప్పి కొవ్వు. పాపం, సరిగా కాచలేదు."

లోర్నాకి ప్రాణం లేచొచ్చింది. "మీ చేతి కొవ్వునే కొలిచింది సార్! ఈ యంత్రానికి ఆమ్లమైతే చాలు, తారుదో కొవ్వుదో దానికి తెలీదు! నివేదిక ఇలాగే పంపమంటారా? పంపితే మీరా గ్లాసు తాగాలి మరి."

డ్వేన్ గ్లాసు వంక చూశారు. "మళ్ళీ చెయ్యమ్మా," అన్నారు దాన్ని పక్కకి జరుపుతూ.

ఈసారి లోర్నా తొడుగులేసుకుని తనే పట్టింది. కుళాయి నీళ్ళు సున్నా. చెరువు నీళ్ళు మాత్రం అదే తొమ్మిది. 'నదిలోకి వదలడానికి పనికిరావు' అని రాసి సంతకం పెట్టింది.

"ఈ పిల్లని రేపట్నుంచి రావద్దన్నావట, ఇక మా నీళ్ళెవరు చూస్తారు?" అంటూ నార్బర్ట్ కుర్చీలోంచి కదల్లేదు. డ్వేన్ తనే టేపు చింపి, రెండు గ్లాసుల కుళాయి నీళ్ళు గటగటా తాగి, ఉద్యోగపత్రం మీద సంతకం చేశారు.

ఆ పత్రం మీద పడ్డ జిడ్డు వేలిముద్రని ఎవరూ యంత్రంలో పెట్టలేదు కాబట్టి, లోర్నా ఉద్యోగం విషరహితమనే నేటికీ చెలామణీ అవుతోంది.