కౌజుపిట్ట కాలికట్టు

ఆదివారం ఆరాధనకు మొదటి గంట కొట్టేలోగా పిట్ట కాలికి కట్టు కట్టేయాలని వరమ్మ అనుకుంది. అనుకున్న పని చిన్నదే.

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో కౌజుపిట్టను పెంచుకునే ఇల్లు వాళ్లదొక్కటే. మూడు నెలల క్రితం ఆమె భర్త, రిటైరైన మాస్టారు రాజరత్నం, కూరకని తాడేపల్లిగూడెం నుంచి ఆరు కౌజులు తెచ్చాడు. ఐదు కూరయ్యాయి. ఆరోది వరమ్మ ఒళ్లోకెక్కి కూర్చుంది. అప్పటినుంచి దాని పేరే 'ఆరోది'. వరమ్మ ఎవరినీ బస్టాండు దాకా సాగనంపని మనిషి. వెళ్లేవాళ్ల వీపు చూస్తే ఆమెకు నాలుగు రోజులు అన్నం సహించదు. అలాంటిది వలదారం చుట్టుకుని ఆరోదాని వేలు వాచినప్పటినుంచి ఆమె మనసు మనసులో లేదు.

గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు నానబెట్టింది. చిన్న కత్తెరతో దారం తెంపింది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాసి, పాత వాయిలు చీర పేలిక చుట్టింది. పిట్ట ముక్కుతో పీకేయకుండా, భర్త బీపీ మాత్రల అట్టమీది వెండిరేకును పట్టీగా కత్తిరించి పైన బిగించింది.

"నా మందు పిట్టకి కట్టావేంటే?" అన్నాడు రాజరత్నం.

"మందు కాదండీ, రేకు. మీరు కాస్త ఆ బుట్ట పట్టుకోండి, చేతులు కడుక్కొస్తాను."

రాజరత్నం బుట్టను గట్టిగానే పట్టుకున్నాడు. పిట్ట అరుగు మీద ఉంది.

అరుగు దిగి తప్పిపోయిన దాన్ని చేపల చెరువు గట్టు మీద పట్టుకున్నవాడు కాపలాదారు గంగరాజు. దూరదేశాల నుంచి కొల్లేటికి వచ్చే పక్షుల్లో కొన్నింటి కాళ్లకు అంకెలు చెక్కిన కడియాలుంటాయని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. రేకును అలాంటి కడియమే అనుకుని గంగరాజు పిట్టను తువ్వాల్లో చుట్టి, పక్షుల కేంద్రంలో కొత్తగా చేరిన గార్డు సత్యానందానికి భద్రంగా అప్పగించాడు.

సత్యానందం రేకును వెలుతురుకు పెట్టి కూడబలుక్కుని చదివాడు. ఒక నంబరు ఉంది. ఒక తేదీ ఉంది. మాత్రలు తయారైన చోటు కాబట్టి, చివర హిమాచల్ ప్రదేశ్ అని ఉంది.

"అంత దూరం నుంచా? పాపం, కాలు కూడా వాచిందండీ," అన్నాడు గంగరాజు. కాసేపు ఆలోచించి, "ఎగిరొస్తే కాలెందుకు వాచుద్దండీ?" అన్నాడు.

"దిగినప్పుడు వాచుద్ది," అన్నాడు సత్యానందం.

మంచుకొండల పిట్టకు ఏప్రిల్ ఎండ పడదని తడిగోనె కప్పారు. టేబుల్ ఫ్యాను పెట్టారు. తినమని చేపపిల్లల్ని వేశారు. ఆరోది ముఖం తిప్పుకుంది. ప్రయాణ బడలికని సత్యానందం ఏలూరులోని ఆఫీసరుకు ఫోనులో చెప్పాడు. దాని గుంపు తిరిగి వెళ్లిపోయే కాలమని, సాయంత్రం తానే వచ్చి గాల్లోకి వదులుతానని ఆఫీసరు అన్నారు. చూడటానికి ఊరు ఊరంతా కదిలింది.

ఆరాధన మానేసి గట్లన్నీ వెతుకుతున్న వరమ్మకు ఆ కబురు అందింది. రొప్పుకుంటూ వచ్చింది.

"బాబూ, అది మా పిట్టండీ."

"మీ పిట్టేంటి మామ్మగారూ? నంబరుంది. హిమాలయాల నుంచి వచ్చింది."

"గూడెం నుంచండీ! ఆరు తెచ్చుకున్నాం. ఐదు తినేశాం."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. సత్యానందం పుస్తకం తెరిచాడు.

"ఇలాంటివి ఐదు తిన్నారా?"

అప్పుడే వచ్చిన రాజరత్నం గొంతు సవరించుకున్నాడు. "తెచ్చింది నేనే గానీ, వండింది ఆవిడండీ."

"కేసు రాసుకో నాయనా," అంది వరమ్మ. "నన్ను జైల్లో పెట్టు. దాన్ని మాత్రం వదలకండి. అదెక్కడికి పోగలదు? గట్టు దాటేలోపు కుక్కలు పట్టుకుంటాయి."

ఆమె కళ్లనీళ్లు చూసి ఎవరూ నవ్వలేదు. పుస్తకం మాత్రం తెరిచే ఉంది.

జీపు వచ్చింది. ఆఫీసరు గోనె తీసి చూశారు.

"ఇది కౌజు. బుధవారం మా ఇంట్లో వండారు."

సత్యానందం పుస్తకం మూశాడు. ఆఫీసరు కట్టు విప్పి వేలు పరీక్షించారు.

"ఎవరు చేశారు ఈ వైద్యం?"

వరమ్మ తల వంచుకుంది.

"రేకు వద్దండీ, బిగుసుకుంటే నెత్తురాడదు. మిగతాదంతా బాగుంది. దారం తీయకపోతే వేలు ఊడిపోయేది," అంటూ పిట్టను ఆమె చేతుల్లో పెట్టారు.

వారం తిరక్కుండా సత్యానందం బుట్టతో వరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. బుట్టలో, వల కోసుకుని కాళ్లు వాచిన కొంగ ఉంది.

"ఆఫీసరు గారు మీకే అప్పగించమన్నారు మామ్మగారూ. నయం కాగానే మేమొచ్చి కొల్లేట్లో వదిలేస్తాం."

"కాగానేనా?"

"నడిచిన రోజునేనండీ."

"దీనికి చాలా రోజులు పడుతుంది బాబూ," అంది వరమ్మ, బుట్ట మూత ఇంకా తీయకుండానే.