మానే మందు ఖరీదుగానే ఉండాలి!

సిగరెట్ మానడానికి వాడే మందుల ధరలు వెంటనే ఇంకా పెంచాలని ఈ కాలమ్ ద్వారా నేను డిమాండ్ చేస్తున్నాను!

కంగారుపడకండి. నేను సిగరెట్ కంపెనీ మనిషిని కాను. మందుల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయిని. నాకు మాటలు తక్కువ. చీటీ తీసుకుంటాను, బిల్లు కొడతాను, చిల్లర ఇస్తాను. మిగతా టైమంతా మనుషుల ముఖాలు చూస్తాను. అలా చూడగా చూడగా తేలిన సత్యాన్నే మీ ముందు పెడుతున్నాను.

మా షాపులో జ్వరం బిళ్లలు చెయ్యి చాస్తే అందేచోట ఉంటాయి. దగ్గు మందు సీసాలైతే నేల మీద అట్టపెట్టెలోనే పడి ఉంటాయి. నికోటిన్ ప్యాచ్‌లూ గమ్‌లూ మాత్రం మా ఓనరుగారి కుర్చీ వెనక, తాళం వేసిన అద్దాల బీరువాలో, సెంటు సీసాల పక్కన కొలువుంటాయి. లోపల ఒక చిన్న బల్బు కూడా వెలుగుతూ ఉంటుంది! ఒక మందుకి ఇంత మర్యాద ఇంకెక్కడైనా చూశారా? ధర తగ్గితే ఏమవుతుంది? అదీ వెళ్లి ఆ అట్టపెట్టెలో పడుతుంది. అవమానం కాదా?

అసలు ఖరీదైన మందు మనిషికి ఆలోచన నేర్పుతుంది. మా షాపుకి ఒక లెక్కల మాస్టారు తరచూ వస్తారు. ప్యాచ్ పెట్టె తీయిస్తారు, గమ్ పెట్టె తీయిస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదువుతారు. రోజుకి ఎంత పడుతుందో, గంటకి ఎంత పడుతుందో సెల్‌ఫోన్‌లో లెక్క వేస్తారు. చివరికి "ఆలోచించుకుని వస్తానమ్మా" అని బయటికి వెళ్లి, ఆలోచించుకోవడానికి ఒక సిగరెట్ వెలిగిస్తారు.

మందు చౌకైతే ఆయన మొదటి రోజే కొనేసి, ఆ వారమే మానేసి ఉండేవారు. ఇంత చక్కని లెక్క అంతా వృథా అయిపోయేది!

పైగా ఎన్ని రకాలో చూడండి! చర్మానికి అంటించేది, నమిలేది, చప్పరించేది, మింగేది, నోట్లోకి చిమ్ముకునేది. మింగేదానికి డాక్టర్ చీటీ కావాలి. డాక్టర్‌కి ఫీజు కావాలి. వీధి చివర ఏసీ క్లినిక్‌లో చెవి మీద ఏదో లేజర్ లైటు వేసి మాన్పించేస్తామంటున్నారు. మానుతుందో లేదో గాని, డబ్బు మాత్రం వాయిదాల్లో కట్టుకోవచ్చట. ఏదీ కొనలేనివాళ్ల కోసం ఫోన్‌లో ఉచిత యాప్ ఉండనే ఉంది. అది గంటకోసారి టింగుమని మోగి, "మీకు ఇప్పుడు సిగరెట్ తాగాలనిపిస్తోందా?" అని అడుగుతుంది. అప్పటిదాకా ఆ ఊసే లేకుండా పని చేసుకుంటున్నవాడు కూడా "అవును కదా!" అని జేబు తడుముకుంటాడు.

నా మాట మీద గురి కుదరకపోతే మా మావయ్య సంగతి వినండి.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే కంపెనీలో పని. లిఫ్టు లేని మేడల మీదికి బీరువాలు, ఫ్రిజ్‌లు ఎక్కించాలి. కింది కొస మావయ్యది, పై కొస ఆయన జోడీది. ఆ జోడీ మనిషి పొడుగ్గా సన్నగా ఉంటాడు, అందరూ నిచ్చెన అంటారు. మోసి మోసి మావయ్యకి గజ్జల్లో హెర్నియా వచ్చింది. పేగు జారి వాపులా పొడుచుకొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. నడిస్తే నొప్పి. దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. ఆపరేషన్ అయితే గాని మళ్లీ బరువెత్తడానికి లేదు. అందాకా గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు వేసే పనిలో కూర్చోబెట్టారు, సగం జీతానికి. ఎన్నాళ్లు కూర్చోనిస్తారో చెప్పలేదు.

అదృష్టం కొద్దీ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పూర్తిగా ఉచితం! సర్జన్‌గారు ఒకే ఒక్క షరతు పెట్టారు.

"ముందు సిగరెట్ మానండి. మానకపోతే మత్తు ఇచ్చేటప్పుడు ఇబ్బంది, తర్వాత దగ్గారంటే కుట్లు నిలవవు. మాని రండి, తేదీ ఇస్తాను."

మానడానికి ఏం వాడాలో కూడా ఆయనే రాసిచ్చారు. అది మాత్రం బయట కొనుక్కోవాలి.

ఈ ఏర్పాటులోని అందం గమనించారా? మనిషిని కోసి కుట్టడం ఉచితం. గమ్ నమలడానికి మాత్రం డబ్బులు! సబబే కదా? ఆసుపత్రి అన్నాక కొయ్యాలి గాని, గమ్‌లు పంచుతూ కూర్చుంటే ఏం గౌరవం?

ఆ చీటీ పట్టుకుని మావయ్య, అత్త మా షాపుకి వచ్చారు. నేను ధర చెప్పాను. మావయ్య బల్బు వెలుగుతున్న బీరువా వైపు చూశాడు.

"ఏమే, అందులో ఉన్నది మందా, బంగారమా?"

"మందే మావయ్యా."

"అయితే వద్దులే. బంగారమైతే మీ అత్తకి గాజులన్నా చేయిద్దును."

అత్త ఊరుకునే రకమా? "ఆహా, చేయించారు! పెళ్లయిన దగ్గర్నుంచీ మీరు నాకిచ్చింది ఆ పొగ ఒక్కటే. అది మాత్రం కొదవ లేకుండా ఇచ్చారు."

ఆయన అవస్థ చూడలేక, మెడికల్ రెప్ వదిలివెళ్లిన శాంపిల్ గమ్ ముక్కలు రెండు ఇచ్చాను. మెల్లిగా కొరికి బుగ్గలో పెట్టుకోవాలని, ఊరికే నమిలెయ్యకూడదని చెప్పాను. నాకు మాటలు తక్కువని ముందే మనవి చేశాను కదా, ఒక్కసారే చెప్పాను. మావయ్య గోడౌన్‌కి వెళ్లి రెండూ కలిపి నోట్లో పడేసుకుని, గేదె నెమరు వేసినట్టు నమిలేశాడు. ఇక ఎక్కిళ్లు! ఎక్కిలి వచ్చినప్పుడల్లా గజ్జ పట్టుకుని "అబ్బా" అంటాడు. ఎక్కిలి, అబ్బా. ఎక్కిలి, అబ్బా.

"ఎవరో తలుచుకుంటున్నారన్నా" అని నిచ్చెన ఓదార్చాడట.

"ఎవరో ఏమిట్రా? సిగరెట్టే తలుచుకుంటోంది!"

మర్నాడు సాయంత్రం ఇద్దరూ కలిసి వచ్చారు. నిచ్చెనకీ మానాలనే ఉందట. చెరి సగం వేసుకుని ఒక ప్యాచ్ పెట్టె కొన్నారు. అది ఒక మనిషికి ఒక వారం వచ్చే పెట్టె. బిల్లు కొట్టింది నేనే. ఇద్దరూ కలిసి వాడతారని నేను కల గన్నానా?

కలిసి వాడటమంటే కత్తిరించి పంచుకోవడం కాదు. కత్తిరించకూడదని పెట్టె మీద రాసి ఉంది, మావయ్య అచ్చు మాటని గౌరవించే మనిషి. అందుకని షిఫ్టులు వేసుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దాకా ప్యాచ్ మావయ్య చేతికి, ఆ తర్వాత అదే ప్యాచ్ నిచ్చెన చేతికి. బీరువాకి చెరో కొస పట్టుకున్నట్టే!

గోడౌన్ చెమటకి కొత్త ప్యాచే నిలవదు, ఒకసారి పీకింది అసలే అంటుకోదు. అయితేనేం, ఆ గోడౌన్‌లో టేపుకి కరువా? అట్టపెట్టెలకి వేసే గోధుమరంగు టేపు తీసుకుని మోచేతి నుంచి భుజం దాకా చుట్టేశారు. భోజనాల వేళ దాన్ని పీకితే వెంట్రుకలన్నీ టేపుతోనే వచ్చేశాయి. మావయ్య కేక విని లారీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడట. ఎవరో పుణ్యాత్ముడు నిచ్చెన చేతి మీది టేపుకి "పగిలే సామాను, జాగ్రత్త" అన్న స్టిక్కర్ కూడా అతికించాడు.

ఫలితం అడుగుతారా? పొద్దున పూట మావయ్య మానేవాడు, సాయంత్రం పూట నిచ్చెన మానేవాడు. ఒకరు మానే వేళ రెండోవారు తాగేవారు. మొత్తం మీద ఇద్దరు మనుషులు కలిసి ఒక పూర్తి మనిషి చేత సిగరెట్ మాన్పించారు! మందు చౌకగా దొరికి ఎవరి పెట్టె వాళ్లు కొనుక్కుని ఉంటే, ఈ సహకారం మన కళ్లబడేదా?

వారం గడిచాక మావయ్య ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ ఒక గొట్టంలోకి ఊదమన్నారు. మెషిన్ మీద ఎర్ర లైటు వెలిగింది.

"ఇంకా తాగుతున్నారు" అన్నారు సర్జన్‌గారు.

"మధ్యాహ్నం నుంచే సార్" అన్నాడు మావయ్య, నిజాయితీగా.

తేదీ ఇవ్వలేదు. పూర్తిగా మాని రమ్మన్నారు. రెండో పెట్టె కొనడానికి సగం జీతం చాలలేదు.

ఆ తర్వాత ఒక రోజు, టేపు వేస్తూ వేస్తూ మావయ్య గట్టిగా దగ్గాడు. గజ్జల్లో వాపు బిగుసుకుపోయింది. ఇక లోపలికి పోలేదు. వాంతులు మొదలయ్యాయి. నిచ్చెన ఆయన్ని ఒక్కడే భుజాన వేసుకుని, సామాను వ్యాన్‌లో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తెచ్చాడు. కబురు తెలిసి అత్తా నేనూ పరుగెత్తాం. స్ట్రెచర్ మీద మావయ్య ముఖం గోడకి వేసిన సున్నంలా ఉంది. మనుషుల ముఖాలు చూడటం నాకు అలవాటని చెప్పాను కదా. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

"పేగు ఇరుక్కుంది. వెంటనే లోపలికి తీసుకెళ్లాలి" అన్నారు సర్జన్‌గారు.

అత్త ఆయనకి అడ్డం వెళ్లి రెండు చేతులూ జోడించింది. "సార్, తర్వాత తెలిసి మీరు కోప్పడొద్దు. ఈయన ఇంకా సిగరెట్ మానలేదు సార్..."

"ఇప్పుడు ఆ సంగతి ఎవరడిగారమ్మా! పక్కకి జరగండి!"

చూశారా పాఠకులారా! మానేసి ఉంటే మావయ్య తేదీ కోసం వరసలో నిలబడాల్సి వచ్చేది. మందు కొనలేకపోవడం వల్ల వరస లేదు, గొట్టంలో ఊదే పని లేదు, ఆ పూటే ఆపరేషన్! మాననివాడికి తేదీ లేదు గాని, చావబోతున్నవాడికి తేదీతో పనే లేదు. మూరెడు పేగు కూడా తీసేశారు. అదీ ఉచితమే!

ఇదంతా ఏ మందు చలవ? కొనలేని మందు చలవ కాదూ?

వార్డులో ఉన్నన్ని రోజులూ మావయ్య ఒక్క సిగరెట్ ముట్టుకోలేదు. లేచి నడవగలిగితే కదా! డిశ్చార్జ్ రోజున ఆసుపత్రి కౌంటర్‌లో నొప్పి బిళ్లలు, చీము పట్టకుండా బిళ్లలు, కట్టు గుడ్డ అన్నీ ఉచితంగా ఇచ్చారు. చీటీలో ఆఖరున రాసిన గమ్ మాత్రం "ఇక్కడ లేదు, బయట" అన్నారు. దగ్గు వస్తే కుట్లు విడిపోతాయి, మళ్లీ మొదటికి వస్తుంది, సిగరెట్ జోలికి పోవద్దని సర్జన్‌గారు గట్టిగా చెప్పి పంపారు.

అత్త ఆటో మాట్లాడటానికి వెళ్లింది. మావయ్య కుట్ల మీద అరచెయ్యి ఆనించుకుని, ఆసుపత్రి గేటుకి ఎదురుగానే ఉన్న మా షాపు మెట్లెక్కి నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"నోరు పీకేస్తోందే. ఇన్నాళ్లు ఆగాను, ఇంకా ఆగాలనే ఉంది. ఆ గమ్ ఒక్కటి ఇవ్వు."

"ఒక్కటి అమ్మరు మావయ్యా. పెట్టె మొత్తం తీసుకోవాలి."

"ఒక్కదానికైతే ఉన్నాయి నా దగ్గర."

ఓనరుగారి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. న్యాయమే, విప్పిన పెట్టె ఎవరు కొంటారు? నా పర్సు కౌంటర్ మీద బోర్లించి చూశాను. చాలలేదు.

"పోనీలే" అన్నాడు మావయ్య. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు.

మా మెట్లని ఆనుకునే ఒక బడ్డీ కొట్టు ఉంది. మావయ్య ముఖం అవతలికి తిప్పుకునే దాన్ని దాటబోయాడు. నేను చూశాను, నిజంగా దాటబోయాడు. బడ్డీ అతనే గుర్తుపట్టాడు. అప్పటికే విప్పి ఉన్న పెట్టెలోంచి ఒక సిగరెట్ సగం పైకి లాగి, రెండో చేత్తో లైటర్ తీసి, ఎంతో ఆప్యాయంగా పిలిచాడు.

"ఏం బాబాయ్, ఒంట్లో బాలేదటగా? పోనీ, ఒక్కటే తీసుకో. డబ్బులు తర్వాత ఇద్దువుగాని."